పదహారణాల బాకీ

2024 జూలైలో ఒకనాడు మా డిగ్రీ విద్యార్థులకు ‘కన్యాశుల్కం’ చెబుతున్నాను. అగ్నిహోత్రావధాన్లు తన రెండో కూతురు సుబ్బిని లుబ్ధావధాన్లనే ముసలివాడికి పద్ధెనిమిది వందల రూపాయలకు ఇవ్వటానికి నిశ్చయించుకున్న ఘట్టం. గొంతు కాస్త బరువు చేసుకుని ఆ అంకె చదివాను. వెనుక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు.

‘‘ఏమిటయ్యా ఆ నవ్వు?’’ అన్నాను.

‘‘ఏం లేదండీ. పద్ధెనిమిది వందలకు మంచి సెల్‌ఫోను కూడా రాదు కదండీ!’’ అన్నాడొకడు.

క్లాసంతా నవ్వింది. అబద్ధమెందుకు, నేనూ నవ్వాను.

నవ్వానే గాని ఆ తరువాత అది మింగుడు పడలేదు. ఇన్నేళ్ళుగా ఆ నాటకం చెబుతున్నాను. గిరీశం ఇంగ్లీషు గురించి చెప్పాను, మధురవాణి మాటకారితనం గురించి చెప్పాను, 1897 నాటి తొలి కూర్పుకూ 1909 నాటి మలి కూర్పుకూ ఉన్న తేడాలు చెప్పాను. పద్ధెనిమిది వందలంటే ఎంతో మాత్రం ఒక్కనాడూ చెప్పలేదు. చెప్పకపోవటానికి కారణం ఏమంటే, నాకూ తెలియదు! మాటకు అర్థం తెలియకపోతే నిఘంటువు చూస్తాం. అంకెకు అర్థం తెలియకపోతే చూసుకోవటానికి నిఘంటువేదీ?

ఆ రాత్రి కాగితం, కలం పుచ్చుకుని కూచున్నాను. గురజాడవారు 1884లో విజయనగరంలో ఉపాధ్యాయుడుగా చేరినప్పుడు ఆయన జీతం నెలకు 25 రూపాయలు. ఆ లెక్కన పద్ధెనిమిది వందలంటే డెబ్బైరెండు నెలల జీతం. తిండి తినక, బట్ట కట్టక, జీతమంతా మూటగట్టినా ఆరేళ్ళు పడుతుందన్నమాట. అక్కడితో ఊరుకోక మరొక లెక్క కూడా వేశాను. 1899లో ప్రభుత్వంవారు సవరనును 15 రూపాయల వంతున చెల్లుబాటు చేశారు. పద్ధెనిమిది వందలకు నూట ఇరవై సవరన్లు. సవరను తూకం ఎనిమిది గ్రాములకు వెంట్రుకవాసి తక్కువ. అంతా కలిపితే కిలోకు నలభై గ్రాములు మాత్రమే తక్కువ బంగారం!

మర్నాడు క్లాసులో ఈ రెండు లెక్కలూ నల్లబల్ల మీద రాశాను. ఎవరూ నవ్వలేదు. సెల్‌ఫోను కుర్రవాడు మాత్రం లేచి, ‘‘అయితే సార్, ఈ రెంటిలో ఏది నిజం? జీతం లెక్కా, బంగారం లెక్కా?’’ అన్నాడు. కొంటెవాళ్ళు వేసే ప్రశ్నలే ఒక్కొక్కప్పుడు అసలైన ప్రశ్నలు. ‘‘రేపు చెబుతాను’’ అని తప్పించుకున్నాను. ఆ రేపు రావటానికి నాకు ఆరు నెలలు పట్టింది. వచ్చినది కూడా కాలేజీకి కాదు, మా ఇంటికే వచ్చింది. ఆ సంగతి చివర చెబుతాను.

తెలుగు పంతులుకు ఈ ధరవరల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. కాని చూడండి, డబ్బు విలువ పోయిన జాడలు మన భాషలో ఉన్నన్ని ఖజానాలో కూడా ఉండవు. బజారులో చచ్చిపోయిన నాణేలన్నీ మన నోటిలో ఇంకా బ్రతికే ఉన్నాయి. ‘‘చిల్లిగవ్వ లేదు’’ అంటాం. గవ్వతో బేరం చేసినవాణ్ణి మన తాతలైనా చూచి ఉండరు. ‘‘దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు’’ అంటాం. దమ్మిడీ ఎలా ఉంటుందో మా విద్యార్థులెవరికీ తెలియదు గాని, తీరిక లేకపోవటం ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. ‘‘ఎర్ర ఏగానీ’’ అంటాం. ‘‘అణా పైసలతో సహా అప్పజెప్పాడు’’ అంటాం. పెళ్ళికూతురు లక్షణంగా ఉంటే ‘‘పదహారణాల తెలుగు పిల్ల’’ అని మురిసిపోతాం. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయా పైసలు వచ్చి అణాలు పోయాయి. 1964లో ‘నయా’ కూడా పోయింది. అయినా ‘‘నూరు పైసల తెలుగు పిల్ల’’ అని ఎవరైనా అన్నారా? అంటే ఆ పిల్ల ఊరుకుంటుందా?

పావలా కథ మరీ చిత్రం. 2011 జూన్ 30తో పావలా కాసు చెల్లుబాటు కాకుండా పోయింది. అంతకు ఏడేళ్ళ ముందు, అంటే 2004లో, మన రాష్ట్రంలో మహిళా సంఘాల అప్పులకు ‘పావలా వడ్డీ’ అని పథకం పెట్టారు. నూటికి నెలకు పావలా, అంటే ఏడాదికి మూడు రూపాయలు. కాసు పోయింది, వడ్డీ పేరులో మాత్రం నిలిచింది. నాణెం పోయినంత మాత్రాన దాని పేరు పోదు. చిక్కెక్కడ వస్తుందంటే, నాణెమూ పేరూ రెండూ ఉండి విలువ ఒక్కటే పోయినప్పుడు. అప్పుడు పోయినట్లు ఎవరికీ తెలియదు. మన రూపాయికి పట్టిన గతి అదే.

దీనికి పండితులు పెట్టిన పేరు ద్రవ్యోల్బణం. పలకటానికి కష్టమని విద్యార్థులు విసుక్కుంటారు గాని, మంచి మాట. ఉల్బణమంటే మితిమీరినది, ప్రకోపించినది. ఆయుర్వేదంలో వాతోల్బణం, పిత్తోల్బణం అని వాడతారు. ఒంట్లో పిత్తం హెచ్చినట్లు దేశం ఒంట్లో ద్రవ్యం హెచ్చితే ఇది వస్తుందని ఆ పేరు పెట్టినవారి ఊహ కాబోలు. సగం నిజమే. సరుకు పెరగకుండా నోట్లు పెరిగితే ధరలు పెరుగుతాయి. నోట్లు అంతే ఉండి వానలు కురవక పంట తగ్గినా పెరుగుతాయి. 1973లోలాగా అరబ్బు దేశాలు చమురు ధర ఒక్కసారిగా ఎత్తివేసినా పెరుగుతాయి. పైగా ‘‘రేపు ఇంకా పెరుగుతుందట’’ అని జనమంతా ఇవాళే కొనబోతే, ఆ కొనటం వల్లనే మరికాస్త పెరుగుతాయి. రోగం ఒకటే, పుట్టే చోట్లు నాలుగు.

ఎంత పెరిగాయో చూచేందుకు ప్రభుత్వంవారికి ఒక సాధనం ఉంది. కార్మిక కుటుంబం నెలలో కొనే బియ్యం, పప్పు, నూనె, బట్ట, ఇంటి అద్దె, మందులు, ఇవన్నీ ఒక బుట్టలో పెట్టినట్లు ఊహించుకుని, ఆ బుట్ట ఖరీదు నెలనెలా లెక్క కడతారు. దానినే ధరల సూచిక అంటారు. మా కాలేజీ అర్థశాస్త్రం మేష్టారు స్టాఫ్ రూములో టీ చల్లారిపోయేదాకా నాకిది బోధించారు. ఆయన చెప్పిన లెక్క ఇది. 1960లో నూరు రూపాయలకు వచ్చిన బుట్ట 1982లో 493 రూపాయలు. 1982లో నూరుకు వచ్చినది 2001లో 463. 2001లో నూరుకు వచ్చినది 2016లో 288. 2016లో నూరుకు వచ్చినది 2024 చివరకు సుమారు 144.

‘‘ఇవన్నీ గుణించండి’’ అన్నారాయన.

గుణించాను. ఇంచుమించు తొంభై అయిదు రెట్లు వచ్చింది. తప్పు వేశానేమోనని మళ్ళీ గుణించాను. అంతే వచ్చింది. అంటే, 2024 చివర మన జేబులో ఉన్న నూరు రూపాయల నోటు 1960 నాటి ఒక్క రూపాయి నాణెమన్నమాట! 1960లో ఎవరైనా పెళ్ళికి నూటపదహార్లు చదివించి ఉంటే, ఈ రోజున ఆ మర్యాద నిలబెట్టుకోవటానికి పదకొండు వేలు చదివించాలి. మనమింకా నూటపదహార్లే కవర్లో పెట్టి, కవరు మీద పేరు మాత్రం పెద్ద అక్షరాలతో రాస్తున్నాం.

ఇలా పెరగటం ఏటేటా ఒకే తీరున జరగలేదు. అరవైనాలుగేళ్ళ సగటు తీస్తే ఏడాదికి నూటికి ఏడుకు పైన పడుతుంది. అంటే దాదాపు పదేళ్ళకొకసారి ధరలు రెట్టింపు. అయితే సగటు అన్నది ఏటి లోతు కొలిచే కర్ర వంటిది. మునిగినవాడు సగటున మునగలేదు, లోతు ఉన్నచోట మునిగాడు. 1974-75లో టోకు ధరలు ఒక్క ఏడాదిలోనే నూటికి 25 హెచ్చాయి. ఆ ఏడు ప్రభుత్వంవారు చట్టం చేసి, ఉద్యోగులకు కొత్తగా పెరిగే కరువు భత్యంలో సగాన్ని చేతికివ్వకుండా డిపాజిట్టుగా పట్టి ఉంచారు. జనం చేతిలో డబ్బు తగ్గితే ధరలు తగ్గుతాయని వారి వాదం. మర్నాటి సంవత్సరం టోకు ధరలు నిజంగానే కాస్త దిగాయి కూడా. అప్పట్లో ఉద్యోగం చేసినవారు మాత్రం ఆ సంగతి చెప్పేటప్పుడు ఇప్పటికీ పళ్ళు కొరుకుతారు. ధరలకు తగ్గట్టు ఇచ్చేదే కరువు భత్యం గదా, అందులో సగం పట్టి ఉంచితే కరువు సగం తగ్గిందా అని.

అన్నట్లు, ‘కరువు భత్యం’ అన్నమాట ఎంత నిజాయితీ అయినదో చూడండి. యుద్ధకాలంలో తిండిగింజల ధరలు మండిపోయినప్పుడు చిన్న జీతగాళ్ళకు విదిలించిన సాయం అది. యుద్ధం 1945లో ముగిసింది. భత్యం ముగియలేదు. ఎనభై ఏళ్ళుగా కరువు ఉన్నట్లు మనం ఒప్పుకుంటూనే ఉన్నాం! కేంద్ర ప్రభుత్వోద్యోగుల భత్యాన్ని ఇందాకటి సూచికకే ముడి వేశారు. బుట్ట ఖరీదు పెరిగితే అది పెరుగుతుంది. మంచిదే. కాని భత్యం లేనివాళ్ళ మాటేమిటి? పొలం కూలీ ఉన్నాడు, కొట్లో గుమాస్తా ఉన్నాడు, భర్త పోగా వచ్చిన నాలుగు డబ్బులు బ్యాంకులో వేసుకుని ఆ వడ్డీతో కాలక్షేపం చేసే ముసలమ్మ ఉంది. బుట్ట ఖరీదు పెరిగినా వాళ్ళకు పెరిగే భత్యమేదీ లేదు. 2016లో చట్టం సవరించి, ధరల పెరుగుదల నూటికి నాలుగు దగ్గర ఉంచాలని రిజర్వు బ్యాంకుకు గురి పెట్టారు. వినటానికి సొంపుగా ఉంటుంది. ఆ గురి తప్పకుండా తగిలినా పద్ధెనిమిదేళ్ళలో ధరలు రెట్టింపే. అరవయ్యో ఏట పింఛను పుచ్చుకున్నవాడికి డెబ్బై ఎనిమిదో ఏట సగం పింఛను.

అంకె కదలకుండా ఉంటే విలువ కూడా కదలలేదనుకోవటం ఒక్క మన అమాయకత్వమే కాదు, ప్రభుత్వాలకు అది పెద్ద వసతి. 1879లో కార్డు పుట్టినప్పుడు దాని ఖరీదు కానీ, అంటే రూపాయిలో అరవైనాలుగో వంతు. 2024లో కార్డు యాభై పైసలు. నూట నలభై అయిదేళ్ళలో ముప్పై రెండు రెట్లే. ఇంత నెమ్మదిగా పెరిగిన వస్తువు మరొకటి నాకు తోచదు. చవక అయింది గనుక అందరూ కార్డులే రాస్తున్నారా అంటే, అది వేరే కథ. రెండు రూపాయల బియ్యం సంగతి చూడండి. 1983లో రామారావుగారు కిలో రెండు రూపాయలకు ఇచ్చారు. మధ్యలో ధర పెరిగి, 2008లో రాజశేఖరరెడ్డిగారి హయాములో మళ్ళీ రెండు రూపాయలయింది. రెండుసార్లూ అంకె ఒకటే, బోర్డు ఒకటే. కాని 1983 నాటి రెండు రూపాయలు 2008 లెక్కలో దాదాపు పన్నెండు రూపాయలు. అంటే రెండోసారి ఇచ్చిన బియ్యం మొదటిసారి ఇచ్చినదానిలో ఆరో వంతు ధరకే ఇచ్చారన్నమాట. ఎవరి పథకం గొప్పదని రచ్చబండ మీద గొంతులు చించుకున్నవారిలో ఒక్కరూ ఈ సంగతి ఎత్తగా నేను వినలేదు.

ఇక మా ఇంటి సంగతి.

మా నాన్నగారు బడిపంతులు. 2003లో రిటైరయ్యారు, 2023 చివరలో పోయారు. 2024 డిసెంబరులో సంవత్సరీకం పెట్టుకుని, ఆయన పెట్టె సర్దుతున్నాం. పెట్టెనిండా డైరీలు. పాలు, కిరసనాయిలు, నా కాలేజీ ఫీజు, అన్నీ పద్దులు. 2023 డైరీ మొదటి పేజీలో ఇలా ఉంది: ‘అక్కయ్యకు ఇవ్వవలసినది రూ. 8,000. గాజులు.’

2022 డైరీ తీశాను. మొదటి పేజీ. అదే మాట. 2021, 2020... నేల మీద చతికిలబడి వెనక్కి వెళ్ళాను. 1984 దాకా. ఏటా జనవరి ఒకటిన కొత్త డైరీలోకి ఆ పద్దు ఎత్తి రాసుకున్నారు. చేతిరాత మారింది, సిరా రంగు మారింది, చివరి నాలుగేళ్ళూ అక్షరాలు వణికాయి. ఎనిమిది వేలు మాత్రం ఎనిమిది వేలే.

కథ మా అమ్మను అడిగితే తెలిసింది. 1984లో తెనాలిలో ఇప్పుడు మేమున్న స్థలం పన్నెండు వేలకు వచ్చింది. నాన్నగారి దగ్గర నాలుగు వేలున్నాయి. మా మేనత్త, ఆయనకు నాలుగేళ్ళు పెద్ద, పుట్టింటివారు పెట్టిన అయిదు కాసుల గాజులు తీసి అమ్మి ఎనిమిది వేలు తెచ్చి ఇచ్చింది. అప్పుడు పది గ్రాముల బంగారం ఇంచుమించు రెండు వేలు. నోటు లేదు, సాక్షి లేడు. మరుసటి ఏడు ఇద్దామనుకున్నారు, గోడలు లేచాయి. ఆ మరుసటి ఏడు చెల్లెలి పెళ్ళి. ఆ తరువాత మా చదువులు.

ఇక ఇవ్వవలసినవాణ్ణి నేను. ఎంత ఇవ్వాలి?

మళ్ళీ కాగితం, కలం. 1984లో సూచిక 1960తో పోలిస్తే 580 ప్రాంతం. 2024 చివరితో పోల్చితే ధరలు సుమారు పదహారు రెట్లు పెరిగాయి. పదహారు! ఆ అంకె చూచి ఒక్క నిమిషం కలం కింద పెట్టాను. పదహారణాల రూపాయి నలభై ఏళ్ళలో అణా అయింది. నాన్నగారు డైరీలో రాసిన ఎనిమిది వేలు నేను తీసుకువెళ్ళి ఇస్తే, అత్తయ్య ఇచ్చినదానిలో అయిదు వందలు ఇచ్చినట్లు. సమానం కావాలంటే లక్షా ఇరవై ఎనిమిది వేలు ఇవ్వాలి.

పోనీ మన ఊళ్ళ పద్ధతిలో ధర్మవడ్డీ కట్టి చూద్దామనుకున్నాను. నూటికి నెలకు రూపాయి, బారువడ్డీ. నలభై ఏళ్ళకు అసలూ వడ్డీ కలిపి నలభై ఆరు వేల నాలుగు వందలు. అంటే ధర్మవడ్డీ ఇచ్చినా అసలు విలువలో సగం కూడా తీరదు! అదే వడ్డీకి ఏటా చక్రం తిప్పితే ఏడు లక్షల నలభై నాలుగు వేలు. ఇక అయిదు కాసుల బంగారమే కొనాలంటే, 2024 డిసెంబరులో దగ్గర దగ్గర మూడు లక్షలు. ఆ స్థలం ఈనాడు ఎంత చేస్తుందో ఇక్కడ రాయను. రాస్తే అత్తయ్య ముందు తలెత్తుకోలేను.

ఒక్క అప్పుకు ఇన్ని జవాబులు. వెనుక బెంచీ కుర్రవాడు గుర్తుకు వచ్చాడు. ‘‘ఏది నిజం సార్?’’

రేపల్లె వెళ్ళాను. అత్తయ్యకు ఎనభై మూడేళ్ళు. చూపు తగ్గింది గాని మాటకు పదును తగ్గలేదు. నేను డైరీల సంగతి చెప్పి, సూచిక, బుట్ట, పదహారు రెట్లు, అంతా అరటిపండు ఒలిచినట్లు వివరించి, లక్షా ఇరవై ఎనిమిది వేలు న్యాయమైన లెక్క అని ముగించాను. ఆవిడ వింటూ చిక్కుడుకాయలు ఈనె తీస్తూనే ఉంది.

‘‘ఏటా రాసుకున్నాడా?’’ అంది చివరకు.

‘‘నలభై డైరీలు అత్తయ్యా.’’

‘‘ఊఁ. రిటైరయినప్పుడు తెచ్చాడురా. ఎనిమిది వేలూ కవర్లో పెట్టి, పైన పసుపు రాసి తెచ్చాడు. నేను పుచ్చుకోలేదు.’’

ఇది మాకెవరికీ తెలియదు. అమ్మకు కూడా తెలియదు.

‘‘ఎందుకు పుచ్చుకోలేదు?’’

‘‘ముందురోజే షావుకారును అడిగాను. ఎనిమిది వేలకు రెండు కాసులు కూడా రావమ్మా అన్నాడు. అయిదు కాసులు ఇచ్చినదాన్ని, రెండు కాసులు కూడా రాని డబ్బు పుచ్చుకుని, తీరిందని ఎట్లా అనను? తీరలేదని వాడి మొహం మీద ఎట్లా చెప్పను? ఉంచుకోరా, తరవాత చూద్దాం అన్నాను. వాడికి కోపం వచ్చింది. పైసా తక్కువ లేకుండా తెచ్చానే అక్కయ్యా, అన్నాడు. నిజమే, తక్కువ లేదు.’’

నాకు చప్పున తట్టింది. 2003 తరువాత మూడు నాలుగేళ్ళు రెండిళ్ళకూ రాకపోకలు పలచబడ్డాయి. ఏదో పెళ్ళిలో పిలుపు సరిగా లేదని మేమనుకున్నాం. ఒకరు మోసం చేయలేదు. మరొకరు అత్యాశకు పోలేదు. 1984లో ఎనిమిది వేలంటే నాన్నగారికి ఎనిమిది నెలల జీతానికి పైమాట, రిటైరయ్యేనాటికి ఒక్క నెల జీతం కూడా కాదు. ఆయన అంకె ఇవ్వబోయారు. ఆవిడ గాజులు అడగలేకపోయింది. ఇద్దరి మధ్యా ఉన్నది రూపాయి, అది అరిగిపోయిందని ఇద్దరిలో ఒకరికే తెలుసు.

‘‘డబ్బు ఇయ్యలేదని కాదురా నాకు. ఇచ్చేశాననుకున్నాడే అని’’ అంది అత్తయ్య.

కొంతసేపయ్యాక నేను, పంతులు బుద్ధి పోనిచ్చుకోక, బంగారం కూడా నమ్మదగిన కొలబద్ద కాదని చెప్పబోయాను. 1980లో పది గ్రాములు సుమారు 1,300, 2000లో సుమారు 4,400. ఇరవై ఏళ్ళలో మూడు రెట్ల పైన. అదే ఇరవై ఏళ్ళలో సరుకుల ధరలు అయిదు రెట్లకు పైగా పెరిగాయి. అంటే ఆ కాలమంతా బంగారం దాచుకున్నవాళ్ళు నష్టపోయినట్లే. తరువాతి ఇరవై ఏళ్ళలో ఎగిరింది గనుక ఇప్పుడు అందరూ తెలివైనవాళ్ళుగా కనిపిస్తున్నారు.

‘‘అయితే అప్పుడే ఇవ్వకపోయారూ, చవగ్గా పోయేది!’’ అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు.

‘‘నీ బుట్టా, నీ లెక్కా నాకొద్దు నాయనా. నేను బియ్యం ఇయ్యలేదు, బట్టలు ఇయ్యలేదు. అయిదు కాసుల గాజులిచ్చాను. అయిదు కాసుల గాజులియ్యి. ఒక్కసారే ఇయ్యమనను. తరుగూ మజూరీ మాత్రం నీదే.’’

కాలేజీకి వచ్చి వెనుక బెంచీ కుర్రవాణ్ణి పిలిచి నా జవాబు చెప్పాను. పద్ధెనిమిది వందలు ఎంత అన్నదానికి ఒక్క జవాబు లేదు, అది ఎవరు ఇచ్చారు, ఏది వదులుకుని ఇచ్చారు అన్నదాన్నిబట్టి ఉంటుందని. ముసలివాడికి అది బంగారం. ఇరవై అయిదు రూపాయల పంతులుకు ఆరేళ్ళ బ్రతుకు. సుబ్బికి ఎంతో, ఆ పిల్లను ఎవరూ అడగలేదు. వాడు తల ఊపి, ‘‘పరీక్షలో ఏది రాయమంటారు సార్?’’ అన్నాడు.

మొదటి కాసు 2025 సంక్రాంతికి ఇచ్చాను. రెండోది వేసవి సెలవుల్లో ఇద్దామని కాస్త ఆగాను. ఆగిన పాపానికి పది గ్రాముల ధర లక్ష దాటింది! నేను చూస్తుండగానే బాకీ పెరగటం నాకిదే మొదటిసారి. అత్తయ్యకు ఫోనులో ఈ మొర పెట్టుకుంటే, ‘‘పెరిగింది బంగారమా, తరిగింది నీ రూపాయా?’’ అని పెట్టేసింది. మా అర్థశాస్త్రం మేష్టారికి చెబితే, ఆవిణ్ణి ఒక రోజు క్లాసుకు తీసుకురమ్మన్నారు.

అప్పు చేసి రెండో కాసు కూడా ముట్టజెప్పాను. ఆ రాత్రి నాన్నగారి పెట్టె తీసి, 2023 డైరీలో ఆయన పద్దు కింద ఖాళీ ఉంటే అక్కడ రాశాను: ‘అత్తయ్యకు ముట్టినది రెండు కాసులు. ఇవ్వవలసినది మూడు కాసులు.’ రూపాయలు ఎంతో రాయలేదు.